స్కా పంకు గానము: దాని పూర్వచరిత్రము

పాట పుట్టిన చోటు తెలియకయే పాటను నిందించుట పెద్దలమైన మనకు పరిపాటి. మేమును ఆ తప్పు చేసితిమి. మా విద్యార్థి యొకడు స్కా పంకు అను పాశ్చాత్య గానమును వినుచుండగా, "ఇది సంగీతమా, సంతగోలయా?" అని గద్దించితిమి. బాలుడు నొచ్చుకొనెను గాని యెదురాడలేదు. "ఒక్కమాటు పూర్తిగా వినండి, మాస్టరుగారూ" అని మాత్రమనెను. వింటిమి, పిదప దాని చరిత్రమును వెదకితిమి. అది మన పాఠకులకును తెలియదగినదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కరిబియను సముద్రమందలి జమైకా ద్వీపము మూడు శతాబ్దములకు పైగా ఆంగ్లేయుల పాలనలో నుండి, 1962 ఆగస్టు 6వ తేదీన స్వతంత్రమయ్యెను. అచటి జనులలో పెక్కండ్రు చెరకుతోటల పనికై ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారి సంతతివారు. 1950 తరువాతి యేండ్లలో రాజధానియగు కింగ్‌స్టనునందలి బీదలకు గొప్పవారి నాట్యశాలలు అందరానివై యుండెను. కొందరు సాహసులు పెద్ద లౌడుస్పీకర్లను లారీల కెక్కించి, అమెరికా రికార్డులను వీథులలో వినిపించి, జనుల నాడించిరి. అమెరికాలో ఆ బాణీకి వాడుక తగ్గి క్రొత్త రికార్డులు అరుదు కాగా, వారే స్వదేశపు వాద్యకారులను కూర్చి పాటలు చేయించిరి. ఇట్లు పుట్టినదే స్కా.

దీని విశేషము లయలో నున్నది. తాళపు దెబ్బ పడినచోట గిటారు ఊరకుండి, రెండు దెబ్బల నడిమి యెడమున చటుక్కున పలుకును. మన సంగీతమున పాటయు తాళమును వేర్వేరు చోట్ల నెత్తుకొనుటను విషమగ్రహ మందురు. ఇది సరిగా నదియే కాదు. అయినను ఎదురుచూచిన చోట రాని ధ్వని మరుక్షణమున వచ్చుటవలని యుల్లాసము రెంటను గలదు. వినువాని కాలు తనంతట తా నాడుటకు హేతు విదియే.

ఈ గానమునకు ప్రాణము పోసినవారు పలువురు కింగ్‌స్టనులోని ఆల్ఫా బాలుర పాఠశాలలో పెరిగినవారు. కాథలిక్ సన్యాసినులు నడిపిన యా శాలలో బీదబాలురకును దిక్కులేనివారికిని చేతిపనులతోపాటు బ్యాండు వాద్యములు నేర్పుచుండిరి. 1964లో నేర్పడిన స్కాటలైట్సు మేళమునందలి డాన్ డ్రమండు, టామీ మెకుక్ అచటివారే. ట్రంబోను వాద్యకారుడగు రికో రోడ్రిగ్జును అచటనే నేర్చి, 1961లో ఇంగ్లండునకు పోయెను.

యుద్ధానంతరము పనివారు చాలని బ్రిటనుకు జమైకనులు వేలకొలదిగా పోయిరి. పని దొరికినను గౌరవము దొరకుట కష్టమయ్యెను. 1970 తరువాత కర్మాగారములు మూతపడుచుండగా వర్ణద్వేషము వీథి కెక్కెను. నిరాశ చెందిన తెల్ల యువకుల కోపమునుండి వేగమే ప్రధానముగా గల పంకు గానము పుట్టెను. కోవెంట్రీ నగరమున జెర్రీ డామర్సు 1979లో "టూ టోన్" అను రికార్డు సంస్థను స్థాపించెను. ఆయన మేళమగు స్పెషల్సులో నల్లవారును తెల్లవారును ఒక్క వేదికపై నిలిచి, స్కా లయకు పంకు వేగమును జోడించిరి. నలుపు తెలుపు గళ్ళు ఆ సంస్థకు చిహ్నము. ఆల్ఫాలో నేర్చిన రికో వారి ప్రక్కన నిలిచి ట్రంబోను వాయించెను.

1981 ఏప్రిలులో కోవెంట్రీలో ఒక సిక్కు యువకుడు వర్ణద్వేషుల చేత హతుడయ్యెను. జూనులో స్పెషల్సు ఆ నగరముననే వర్ణసామరస్యమునకై కచేరి చేసిరి. జూలైలో పలు పట్టణముల నల్లర్లు చెలరేగుచుండగా, పాడువడిన నగరమును గూర్చి వారు పాడిన "ఘోస్ట్ టౌన్" బ్రిటనులో ప్రథమస్థాన మందెను. దానితో ద్వేషము నశించెనా? లేదు. ద్వేషులు వారి కచేరీలకే వచ్చి కలహించిరి. ఆ యేడే మేళము చీలిపోయెను. కాని చట్టము చెప్పజాలని యొక సంగతిని ఆ వేదిక చూపినది: కలిసి నిలుచుట సాధ్యమే యని, అందు సంతోషమును గలదని.

పిమ్మట నీ గానము అమెరికా చేరెను. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 1987 మొదలు 1989 వరకు నిలిచిన ఆపరేషన్ ఐవీ మేళము దానిని మరింత పరుగెత్తించెను. బోస్టను నగరపు మైటీ మైటీ బాస్‌టోన్సు మొదలగువారి పాటలు 1997 ప్రాంతమున రేడియోలలో మారుమ్రోగెను. బాకాల సందడియు నవ్వును నిలిచినవి. కింగ్‌స్టను వీథులును కోవెంట్రీ గాయములును పెక్కు శ్రోతలకు తెలియక పోయినవి.

మా విద్యార్థియు ఆల్ఫా పేరు వినలేదు. తెలియక నిందించిన మాకును, తెలియక మెచ్చిన వానికిని ఆ విషయమున భేదము లేదు. కథ చెప్పగా వాడు చాలసేపు మాటాడక, "ఆ పిల్లలకు బాకా ఇచ్చినవా రెవరండీ?" అని యడిగెను. ఇంట పిల్లలు వినుచున్న పాటను ఆపుడని యనుటకు ముందు, అది యెచట, ఎవరి కష్టమున పుట్టినదో వారితో కూర్చుండి విచారింపుడని మా పాఠకులకు మనవి.