అంతరిక్షమునకు అతిథులు

1989వ సంవత్సరము జూను మాసములో ఇంగ్లండు దేశమున ఒక యువతి పని ముగించుకొని కారు నడుపుకొనుచు ఇంటికి పోవుచుండగా, కారులోని రేడియోలో ఒక ప్రకటన వినవచ్చినది. వ్యోమగామి కావలెను, పూర్వానుభవము అక్కరలేదు అని దాని సారాంశము. ఆమె పేరు హెలెన్ షార్మన్. చాక్లెట్లు తయారుచేయు మార్స్ కంపెనీలో రసాయన శాస్త్రజ్ఞురాలు. ఆ పిలుపునకు సుమారు 13,000 మంది దరఖాస్తు పెట్టినారు. రెండేండ్లు నిండకమునుపే, 1991 మే 18వ తేదీన, ఆమె సోవియట్ రాకెట్టులో బయలుదేరి 'మీర్' అంతరిక్ష కేంద్రమునకు పోయినారు. బ్రిటను దేశమునకు ఆమెయే మొదటి వ్యోమగామి. రేడియోలో వచ్చు ప్రకటనలను మనలో అనేకులు చెవిని పెట్టక పోనిత్తుము. ఈమె విన్నది మాత్రము వృథా పోలేదు.

అనుభవము అక్కరలేదనుట నిజమే గాని, శిక్షణ అక్కరలేదని కాదు. ఆ ప్రకటనకును ఆ ప్రయాణమునకును నడుమ పదునెనిమిది నెలల కఠిన సాధన గడచినది. వ్యోమయానమును వృత్తిగా చేపట్టని వారికి, ఎవరో సొమ్ము చెల్లింపగా పోవు వారికి, ఏమి నేర్పవలెను, ఎంత నేర్పవలెను అను ప్రశ్నకు ఒక చరిత్ర యున్నది. దానిని గూర్చియే మేమిచ్చట ముచ్చటింపదలచినాము.

తొలినాటి వ్యోమగాములు దాదాపు అందరును సైనిక విమాన చోదకులుగా నుండినవారే. ఒక కంపెనీ పక్షమున మొదట పోయినవారు అమెరికా ఇంజనీరు చార్లెస్ వాకర్. భారరహిత స్థితిలో ఔషధ ద్రవ్యములను శుద్ధిచేయు యంత్రము నొకదానిని మక్డొనెల్ డగ్లస్ సంస్థవారు నిర్మించి, దానిని నడుపుటకు తమ ఉద్యోగినే 1984 ఆగస్టులో షటిల్ నౌకలో పంపినారు. పిమ్మట 1986 జనవరి 28న ఛాలెంజర్ నౌక గగనముననే విచ్ఛిన్నమై, ఉపాధ్యాయిని క్రిస్టా మెకాలిఫ్‌తో సహా ఏడుగురు మరణించినారు. పదకొండు వేలకు పైబడిన ఉపాధ్యాయులలో ఎన్నికై, నెలల తరబడి శిక్షణ పొందిన ఆమెకు ఆ క్షణమున చేయగలిగినది ఏదియు లేకపోయినది. దానితో అమెరికాలో సామాన్యులకు ఆ ద్వారము చాలకాలము మూతపడినది. దానిని మరల తెరచినది, విచిత్రమేమనగా, వర్తకమును నిరసించు సోవియట్ యూనియన్. ధనమునకు కొరతపడిన ఆ దేశము తన నౌకలలోని ఆసనములను విదేశీయులకు అమ్మజూపినది.

మొదట కొన్నవారు జపానులోని టోక్యో బ్రాడ్‌కాస్టింగ్ సిస్టమ్ అను ప్రసార సంస్థవారు. వారి విలేఖరి తొయోహిరో అకియామా 1990 డిసెంబరు 2న బయలుదేరి, మీర్ నుండి దినదినము వార్తలు ప్రసారము చేసినారు. సిగరెట్లు విరివిగా కాల్చు ఈ పాత్రికేయునికి పైన వాంతులు, తలనొప్పి తప్పలేదు. ఆయనతో సమానముగా ర్యోకో కికుచి అను యువతి కూడ శిక్షణ పొందినారు. ఒక ఆసనమునకు ఇద్దరిని సిద్ధపరచుట అక్కడి ఆనవాయితీ. ప్రయాణము సమీపించిన దినములలో కికుచి గారికే అపెండిసైటిస్ వచ్చి శస్త్రచికిత్స చేయవలసివచ్చినదనగా, ఆ ఆనవాయితీ ఎంత అవసరమో తెలియుచున్నది.

వీరందరు నేర్చుకొన్న చోటు మాస్కో సమీపమున నున్న 'నక్షత్ర నగరము'. మన రాకేశ్ శర్మ, రవీష్ మల్హోత్రా గారలు 1984 నాటి యానమునకు సిద్ధమైనదియు అక్కడనే. అచ్చట మొదటి పాఠము రాకెట్టు కాదు, రష్యన్ భాష. నౌకలోని మీటలపై వ్రాతలు రష్యనులో నుండును. భూమి నుండి వచ్చు ఆజ్ఞలును రష్యనులోనే. పిమ్మట పదునెనిమిది మీటర్ల చేయి గల సెంట్రిఫ్యూజ్ అను యంత్రములో కూర్చుండబెట్టి గిరగిర త్రిప్పెదరు. మనిషి తన బరువునకు అనేక రెట్లు బరువు రొమ్మున మోయుచు శ్వాస పీల్చుట నేర్వవలెను. పెద్ద విమానమును ఎత్తునకెక్కించి వంపు తిప్పి దించునప్పుడు, ఇరువది ఇరువదియైదు సెకనుల కాలము దేహము దూదిపింజవలె తేలును. ఆ స్వల్పకాలముననే దుస్తులు తొడుగుకొనుట అభ్యసింపవలెను. ప్రతివారి వీపునకును సరిపడునట్లు ఆసనపు పరుపును అచ్చుపోసి చేయుదురు, దిగునపుడు భూమి తాకిడికి వెన్నెముక దెబ్బతినకుండుటకు.

అడవిలోను నీటిలోను బ్రదుకుట నేర్పు పాఠమొకటి యున్నది. దీని అవసరమును లోకమునకు చాటినది 1965 మార్చి నాటి ఉదంతము. వోస్ఖోద్-2 నౌకను దించు స్వయంచాలక యంత్రాంగము పనిచేయకపోగా, బెల్యాయెవ్, లియోనవ్ అను ఇరువురు యూరల్ ప్రాంతపు మంచుటడవిలో దిగి రెండు రాత్రులు గడపవలసివచ్చినది. కాబట్టి వర్తకుడైనను విలేఖరియైనను శీతకాలమున మంచులో కొమ్మలు నరికి గుడిసె కట్టుకొనుట నేర్చియే తీరవలెను.

షార్మన్ గారి యానమునకు బ్రిటిషు కంపెనీల నుండి రావలసిన సొమ్ము చాలభాగము రానేలేదు. వ్యయము సోవియట్ వారి నెత్తిననే పడినది. అయినను ఆమె శిక్షణ ఆగలేదు. మీర్ నుండి ఆమె తమ దేశపు బడిపిల్లలతో రేడియోలో మాటలాడినారు.

ఇట్టి అతిథికి ఇంత సాధన ఏల అని సందేహము కలుగవచ్చును. 1997 ఫిబ్రవరి 23న మీర్‌లో ఆక్సిజను పుట్టించు పరికరము అంటుకొని, మంటలును దట్టమైన పొగయు క్రమ్ముకొన్నవి. లోపల ఆరుగురున్నారు. తిరిగివచ్చుటకు రెండు నౌకలుండగా, ఒకదానికి పోవు దారిని మంట అడ్డగించినది. ఆ ఆరుగురిలో కొద్దివారములకు వచ్చిన జర్మను అతిథి రైన్‌హోల్డ్ ఎవాల్డ్ ఒకరు. ముసుగు ఎక్కడ నున్నదో, ఎప్పుడు దారి తొలగవలెనో ఎరుగని మనిషి ఒక్కడున్నను తక్కిన ఐదుగురికి ప్రాణాపాయమే. అంతరిక్షములో అతిథి నేర్చుకొనునది నౌకను నడుపుట కాదు, ఇతరులకు బరువు కాకుండుట అని మా అభిప్రాయము.

2001లో హూస్టన్ నగరమున జరిగిన వివాదము ఈ విషయముననే. అరువది యేండ్ల అమెరికా వ్యాపారి డెన్నిస్ టిటో సుమారు 2 కోట్ల డాలర్లు చెల్లించి, నక్షత్ర నగరములో శిక్షణ పొంది, మార్చి మాసమున తన సహయాత్రికులైన ముసాబాయెవ్, బతూరిన్‌లతో జాన్సన్ కేంద్రమునకు పోయినారు. ఆయన శిక్షణ చాలదని అమెరికా అధికారులు ఆయనకు నేర్పుటకు నిరాకరించినారు. అంతట ఆ ఇరువురు రష్యనులును, ఆయన లేనిదే తామును నేర్చుకొనమని వెలుపలికి వచ్చివేసినారు! తుదకు, తాను పగులగొట్టినదానికి తానే వెల యిత్తుననియు, అమెరికా భాగములోనికి తోడులేక పోననియు టిటో ఒప్పుకొనగా, ఏప్రిల్ 28న ప్రయాణము సాగినది. అధికారుల జాగ్రత్తను మేము తప్పుపట్టము. మీర్ మంటకు అప్పటికి నాలుగేండ్లే. కాని కూడ ప్రయాణము చేయువారు చాలునన్న శిక్షణను, చేయనివారు చాలదన్నారనుట గమనింపదగినది.

తరువాత అమెరికా శాసనసభ 2004లో చట్టము చేసినది. ఇట్టివారిని ప్రయాణికులని అనక 'అంతరిక్షయాన భాగస్వాములు' అన్నది. 2006లో వచ్చిన నియమముల ప్రకారము పొగ, మంట, గాలి ఒత్తిడి పోవుట, అత్యవసరముగా వెలికివచ్చుట, వీనిని గూర్చి నేర్పవలెను. నౌక సురక్షితమని ప్రభుత్వము ధ్రువపరచలేదన్న సంగతిని కాగితముపై తెలిపి సంతకము పుచ్చుకొనవలెను. రైలు టిక్కెట్టుపై ఇట్టి మాట అచ్చువేసినచో మనలో ఎందరు ఎక్కుదుమో!

శిక్షణకాలము క్రమముగా తగ్గినది. 2021 సెప్టెంబరులో వృత్తి వ్యోమగామి ఒక్కడును లేక నలుగురు మూడు దినములు భూమిని చుట్టివచ్చినారు. వారు నేర్చినది సుమారు ఆరు మాసములు. వారిలో హేలీ ఆర్సినో చిన్ననాట ఎముకల కాన్సరు సోకి, కాలిలో లోహపు కడ్డీ అమర్చబడినవారు. వెనుకటి వైద్యపరీక్షలలో ఆమె తొలి గడప దాటియుండెడివారు కారు.

కక్ష్యకు పోక, పైకెగసి కొద్ది నిముషములలో దిగివచ్చు నౌకలకు మరియు తక్కువ చాలును. ఆంధ్రదేశమున పుట్టి అమెరికాలో పెరిగిన బండ్ల శిరీష గారు 2021 జూలై 11న వర్జిన్ గలాక్టిక్ నౌకలో పోయి, మొక్కలపై ఒక ప్రయోగము నిర్వహించినారు. విజయవాడలో జన్మించిన తోటకూర గోపీచంద్ గారు 2024 మే 19న బ్లూ ఆరిజిన్ నౌకలో పోయినారు. అది నడపువాడు లేని నౌక. పట్టీలు కట్టుకొనుట, విప్పుకొనుట, వేళకు ఆసనమునకు చేరుట నేర్చిన చాలును. టెక్సస్ ఎడారిలో సుమారు రెండు దినములలో ఆ చదువు ముగియును.

గోపీచంద్ గారి సహయాత్రికులలో ఎడ్ డ్వైట్ అను తొంబది యేండ్ల వృద్ధుడు ఒకరున్నారు. కెనెడీ అధ్యక్షుడుగా నున్న కాలమున అమెరికా వైమానిక దళమువారు వ్యోమగామి పదవికై శిక్షణ నిచ్చిన మొదటి నల్లజాతి విమాన చోదకుడు ఆయన. ఎడ్వర్డ్స్ స్థావరములో అందరితో సమానముగా నేర్చి, సిఫారసు పొందియు, 1963లో నాసా ఎన్నికలో ఆయన పేరు రాలేదు. 1966లో దళమును వీడి, పిమ్మట శిల్పియై కంచు విగ్రహములు పోసినారు. ఇప్పుడు రెండు దినముల పాఠముతో, ఇతరులు సమకూర్చిన ఆసనమున, ఆయన భూమిని కిటికీలో నుండి చూచినారు. దిగునపుడు మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విప్పుకొనలేదు; తక్కిన రెంటితోనే ఆ ఆరుగురు క్షేమముగా ఇసుక నేలను తాకినారు.