పాస్‌పోర్టు దరఖాస్తులో మీ జిల్లా ఏది?

బాపట్ల, రేపల్లె వాసులు పాస్‌పోర్టు ఫారం నింపేటప్పుడు జిల్లా గడి దగ్గర కాస్త ఆగాలి. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ రెండు పట్టణాలూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. తెనాలి మాత్రం గుంటూరులోనే ఉంది. మీ పాత ఆధార్‌లో ఇంకా గుంటూరు జిల్లా అనే ఉండొచ్చు. పోలీసు విచారణ జరిగేది మీరిచ్చిన చిరునామా, స్టేషన్ పరిధిని బట్టే. అవి తప్పుపడితే ఆలస్యం తప్పదు. కాబట్టి ముందు ఆధార్ సరిచేయించుకోండి. ఏజెంటుకు ఎంత ముట్టజెప్పినా విచారణ మాత్రం తప్పదు.

దరఖాస్తు పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో చేసుకోవచ్చు. పెద్దలకు 36 పేజీల పుస్తకానికి ఫీజు రూ.1,500. తత్కాల్ అయితే మరో రూ.2,000. ఫీజు కట్టి స్లాట్ తీసుకున్నాక, విజయవాడ సేవా కేంద్రానికి గానీ, స్లాట్ దొరికిన పోస్టాఫీసు కేంద్రానికి గానీ ఒరిజినల్స్‌తో వెళ్లాలి.

ఇక ఇంటిపేరు. సర్టిఫికెట్లలో 'కె.' అని పొడి అక్షరమే ఉన్నా ఇక్కడ పూర్తిగా రాయాలి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఇబ్బంది వీసా దగ్గర ఎదురవుతుంది. ఎందుకంటే వీసా ఇచ్చేది మన ప్రభుత్వం కాదు, మీరు వెళ్లే దేశం. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసాపై వస్తే అనుమతించబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించింది. రెండో పేజీలో తండ్రి పేరో, ఇంటిపేరో ఉంటే చాలని ఆ తర్వాత సడలించింది.