మధుమేహ మాత్రలు - మద్యం, ఇతర మందుల ప్రభావం

మధుమేహానికి నోటి ద్వారా తీసుకునే మాత్రల పనితీరు, మద్యం గాని ఇతర మందులు గాని తోడైనప్పుడు మారిపోవడాన్ని ఔషధ ప్రతిచర్య అంటారు. దీనివలన రక్తంలో చక్కెర అతిగా పెరగవచ్చు లేదా ప్రమాదకరంగా తగ్గవచ్చు. పెరిగిన చక్కెర సాధారణంగా నెమ్మదిగా హాని చేస్తుంది. తగ్గిన చక్కెర కొద్ది గంటలలోనే ప్రాణాపాయం కలిగించగలదు. గ్లూకోజు డెసీలీటరు రక్తానికి 70 మిల్లీగ్రాముల కంటె తగ్గడాన్ని హైపోగ్లైసీమియా అని, వాడుకలో షుగర్ పడిపోవడం అని అంటారు.

మాత్రలలో ముఖ్యమైన రకాలు

సల్ఫొనైల్‌యూరియాలు: 1942లో ఫ్రాన్సులోని మాంపెల్యే నగరంలో మార్సెల్ జాన్‌బాన్ అనే వైద్యుడు టైఫాయిడు రోగులకు ఒక సల్ఫా మందును ఇచ్చినప్పుడు కొందరిలో చక్కెర తీవ్రంగా పడిపోయింది. ఆగస్త్ లుబాతియేర్ ఆ ప్రభావాన్ని పరిశోధించాడు. ఈ కుటుంబం మాత్రలకు ఆ పరిశీలనే మూలం. గ్లిబెంక్లమైడ్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్ ఈ కుటుంబానికి చెందినవి. రోగి భోజనం చేసినా చేయకపోయినా ఇవి క్లోమం నుండి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి.

మెట్‌ఫార్మిన్: ఇది ప్రధానంగా కాలేయంలో గ్లూకోజు తయారీని తగ్గిస్తుంది. ఒంటరిగా వాడినప్పుడు షుగర్ పడిపోవడం అరుదు.

మద్యంతో ప్రతిచర్య

భోజనం అరిగిపోయిన తరువాత రక్తానికి గ్లూకోజును అందించేది ముఖ్యంగా కాలేయమే. మొదట అది తనలోని గ్లైకోజెన్ నిల్వను కరిగిస్తుంది. ఆ నిల్వ తరిగే కొద్దీ లాక్టేటు, అమైనో ఆమ్లాల వంటి వాటి నుండి గ్లూకోజును కొత్తగా తయారుచేస్తుంది. మద్యాన్ని విచ్ఛిన్నం చేసే క్రమంలో కాలేయ కణాలలోని రసాయన సమతుల్యత మారి ఈ తయారీ కుంటుపడుతుంది. సల్ఫొనైల్‌యూరియా మాత్ర మాత్రం ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. కనుక పరగడుపున మద్యం సేవించి, భోజనం చేయకుండా నిద్రించిన వ్యక్తికి అర్ధరాత్రి గాని మరునాటి ఉదయం గాని చక్కెర పడిపోవచ్చు. కల్లు, సారా, బీరు, విస్కీ అన్నింటిలోను ఉండే ఆల్కహాలు ఒకటే.

ఈ స్థితిలో చెమటలు, వణుకు, గుండెదడ, తడబడే మాట, తూలే నడక, మగత కనిపిస్తాయి. వీటిలో చివరి మూడూ మద్యం మత్తు లక్షణాల వంటివే. నోటి నుండి మద్యం వాసన రావడంతో చుట్టుపక్కలవారు మత్తుగా భావించి పడుకోనిస్తే చికిత్సకు గల సమయం దాటిపోతుంది. గ్లూకోమీటరుతో పరీక్షించనిదే ఈ రెంటినీ వేరుగా గుర్తించడం కష్టం.

మెట్‌ఫార్మిన్ వాడేవారు అతిగా మద్యం సేవిస్తే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకొనే ప్రమాదం ఉంది. ఇది అరుదైనదే గాని ప్రాణాంతకం. ఇదే కుటుంబానికి చెందిన ఫెన్‌ఫార్మిన్‌తో ఈ ప్రమాదం మరింత ఎక్కువ కావడంతో భారతదేశంలో దానిని 2003లో నిషేధించారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారిలో అతి మద్యపానం, ఉపవాసం వలన కీటో ఆమ్లాలు పెరగవచ్చు. అప్పుడు చక్కెర అంతగా పెరగకపోవచ్చు కూడా.

ఇతర మందులతో ప్రతిచర్యలు

చక్కెరను తగ్గించేవి: సల్ఫొనైల్‌యూరియాలను విచ్ఛిన్నం చేసే ముఖ్యమైన కాలేయ ఎంజైమును ఫ్లుకొనజోల్, కోట్రైమాక్సజోల్ నిరోధిస్తాయి. అందువలన మాత్ర ప్రభావం పెరుగుతుంది. గాటిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ చక్కెరను తగ్గించడం, పెంచడం రెండూ చేసేది. భారతదేశంలో దాని మాత్రలను, ఇంజెక్షన్లను 2011లో నిషేధించారు.

చక్కెరను పెంచేవి: ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు, థయాజైడ్ మూత్రకారకాలు. క్షయ వ్యాధికి వాడే రిఫాంపిసిన్ పై ఎంజైమును ఉత్తేజపరచి మాత్ర ప్రభావాన్ని తగ్గిస్తుంది. అందుకోసం మాత్ర మోతాదు పెంచినట్లయితే, క్షయ చికిత్స ముగిసిన తరువాత దానిని తగ్గించవలసి ఉంటుంది. లేనిచో చక్కెర పడిపోతుంది.

లక్షణాలను కప్పిపుచ్చేవి: ప్రొప్రనొలాల్ వంటి బీటా బ్లాకర్లు వణుకును, గుండెదడను తెలియనివ్వవు. చెమట పట్టడం మాత్రం సాధారణంగా కనిపిస్తుంది.

పొడపత్రి, కాకర రసం వంటివి కూడా మాత్రల ప్రభావానికి తోడై చక్కెరను మరింత తగ్గించవచ్చు.

ప్రథమ చికిత్స

స్పృహలో ఉన్నవారికి సుమారు 15 గ్రాముల గ్లూకోజు లేదా పంచదార నీటిలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. అకార్బోజ్, వాగ్లిబోజ్ మాత్రలు పంచదార జీర్ణం కాకుండా ఆలస్యం చేస్తాయి కనుక వాటిని వాడేవారికి గ్లూకోజు పొడినే ఇవ్వాలి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయరాదు. వారిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే ఆసుపత్రికి తరలించాలి. గ్లిబెంక్లమైడ్ వంటి మాత్రల ప్రభావం 24 గంటల వరకు ఉండవచ్చు. అందువలన రోగి కోలుకున్నట్లు కనిపించినా చక్కెర మళ్ళీ పడిపోయే అవకాశం ఉంది. వృద్ధులలోను, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారిలోను ఈ ప్రమాదం ఎక్కువ.

జాగ్రత్తలు

మధుమేహ రోగి ఏ కొత్త మందు ప్రారంభించినా, ఏ పాత మందు ఆపినా తాను వాడుతున్న మాత్రల పేర్లను, మద్యం అలవాటు ఉంటే ఆ సంగతిని వైద్యునికి తెలపాలి. మద్యం సేవించదలచి ఆ పూట మాత్రను సొంతంగా మానివేయడం సరైన పరిష్కారం కాదు.