డెకరేటర్ల ద్వారా క్లాసులకు రన్‌టైమ్ మెటాడేటా

క్లాసు డెకరేటర్ అనేది ఒక క్లాసు నిర్వచనం పూర్తయిన వెంటనే ఆ క్లాసును స్వీకరించి, దానికి అదనపు సమాచారాన్ని జోడించి, అదే క్లాసును గాని దానికి బదులు మరొకదాన్ని గాని తిరిగి ఇచ్చే ఫంక్షన్. ఇలా జోడించిన సమాచారాన్ని ప్రోగ్రాము నడుస్తుండగా చదవగలిగితే దానిని రన్‌టైమ్ మెటాడేటా అంటారు.

పైథాన్‌లో డెకరేటర్లు ఫంక్షన్లకు 2004లో 2.4 వెర్షన్‌తోను, క్లాసులకు 2008లో 2.6, 3.0 వెర్షన్లతోను వచ్చాయి. టైప్‌స్క్రిప్ట్ 2015లో వీటిని ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టి, జావాస్క్రిప్ట్ ప్రామాణిక ప్రతిపాదనను అనుసరించే రూపాన్ని 2023 మార్చిలో 5.0తో, మెటాడేటా సదుపాయాన్ని అదే ఏడాది ఆగస్టులో 5.2తో అందించింది.

తిరువూరు మండల భూమి వివరాలను నమోదు చేసే పైథాన్ ప్రోగ్రామును ఉదాహరణగా ఊహిస్తే, ‘పట్టాదారు పేరు’, ‘సర్వే నంబరు’ వంటి శీర్షికలను డెకరేటర్ ఒక డిక్షనరీగా క్లాసుకు తగిలించగలదు. తెరపై ఫారం చూపే భాగం ఆ డిక్షనరీని చదివితే చాలు, క్లాసు లోపలి కోడును మార్చనక్కరలేదు. పైథాన్ 3.0 నుంచి వేరియబుల్ పేర్లనే తెలుగు లిపిలో రాయవచ్చు గాని, ‘బ్యాంక్‌లో’ వంటి పదాలలో పొల్లు తరువాత చేరే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అక్షరాన్ని పేర్లలో ఆ భాష పాత వెర్షన్లు అంగీకరించవు. మెటాడేటా విలువలు స్ట్రింగులు కనుక వాటికి ఆ నిషేధం వర్తించదు. తెలుగు శీర్షికలకు తగిన చోటు అదే.

క్లాసు డెకరేటర్ నిర్వచన సమయంలో ఒక్కసారే నడుస్తుంది, ప్రతి ఆబ్జెక్టుకూ కాదు. పైథాన్‌లో ఉపక్లాసుకు మాతృక్లాసు డిక్షనరీయే వారసత్వంగా అందుతుంది కాబట్టి, ఉపక్లాసుపై పెట్టిన డెకరేటర్ ఆ డిక్షనరీకి నకలు తీసుకోకుండా మార్పులు చేస్తే మాతృక్లాసు శీర్షికలు కూడా మారిపోతాయి.