డాన్యూబ్ వంపులో వెల్టెన్‌బుర్గ్

జర్మనీలోని బవేరియాలో, కేల్‌హైమ్ రేవు నుంచి బయల్దేరిన పడవ డాన్యూబ్‌కు ఎదురెక్కుతుంది. నది సున్నపురాతి కొండల్ని కోసుకుని పారిన ఇరుకు దాటగానే, గులకరాళ్ల ఒడ్డున వెల్టెన్‌బుర్గ్ మఠం. పడవ దిగినవాళ్లలో ఎక్కువమంది నేరుగా లోపలి ఆవరణకే నడుస్తారు. అక్కడ చెస్ట్‌నట్ చెట్ల కింద బల్లలు వేసి నల్లబీరు పోస్తారు.

7వ శతాబ్దంలో ఐర్లండ్ సన్యాసి కొలంబానుస్ పరంపరవాళ్లు ఈ మఠం కట్టారని ఐతిహ్యం. తర్వాతి శతాబ్దంలో బెనెడిక్ట్ నియమావళి వచ్చింది. సన్యాసి తన రెక్కల కష్టం మీదే బతకాలన్నది అందులో ముఖ్యమైన మాట. ఆ కష్టంలో బీరు కాచడమూ ఒకటి. ఈస్టర్‌కు ముందు వచ్చే తపఃకాలపు ఉపవాసంలో ముద్ద ముట్టకూడదు గానీ, ద్రవం తాగితే ఉపవాసం చెడదన్నారు మరి!

ఇక్కడి బ్రూవరీ 1050 నాటిదనీ, మఠాల బ్రూవరీల్లో లోకంలోకెల్లా పాతదనీ చెప్పుకుంటారు. ఫ్రైజింగ్ దగ్గరి ఒకప్పటి మఠపు బ్రూవరీ వైహెన్‌స్టెఫాన్ తనది 1040 నాటిదంటుంది. కానీ దానికి చూపే పత్రం తర్వాతి కాలంలో పుట్టించిందని చరిత్రకారుల మాట. ఈ పదేళ్ల పందెం నాకంత ముఖ్యంగా తోచదు. అసలు కథ 1803లో ఉంది. ఆ ఏడు బవేరియా ప్రభుత్వం మఠాల ఆస్తులు స్వాధీనం చేసుకుంది. రెండుచోట్లా సన్యాసులు వెళ్లిపోయారు. వైహెన్‌స్టెఫాన్ బ్రూవరీ సర్కారుదైపోయి, నేటికీ అలాగే ఉంది. వెల్టెన్‌బుర్గ్‌కు మాత్రం 1842లో రాజు మొదటి లుడ్విగ్ మళ్లీ సన్యాసుల్ని రప్పించాడు. కాబట్టి వెయ్యేళ్లుగా తెగని పరంపర అంటే ఒప్పుకోలేం. తెగి, మళ్లీ అతుక్కుంది.

ఆ పరంపర తెగకముందటి వైభవమే ఇక్కడి చర్చి. 1716లో మొదలైన కట్టడం, ఆజాం సోదరులనే కళాకారుల పని. పీఠం మీద పునీత జార్జ్ గుర్రమెక్కి ఘటసర్పాన్ని పొడుస్తుంటాడు. వెనక ఎక్కడో దాచిన కిటికీ వెలుగు అతని చుట్టూ పరుచుకుంటుంది. పైకప్పు అంచున, ఆ సోదరుల్లో అన్న కోస్మాస్ దామియాన్ బొమ్మ కిందికి వంగి, వచ్చినవాళ్లను చూసి నవ్వుతుంటుంది.

నది ఊరికే ఉండదు. 1999లో, 2005లో వరద మఠంలోకే వచ్చింది. అయినా ఇక్కడి నల్లబీరు బరోక్ డుంకెల్ 2004, 2008, 2012 వరల్డ్ బీర్ కప్ పోటీల్లో స్వర్ణాలు గెలిచింది. నన్నడిగితే ముందు చర్చి, తర్వాతే గ్లాసు: అర లీటరు పట్టించాక తలెత్తి పైకప్పు చూడటం కష్టం.