తూటాల లెక్క: అన్నవరం నుంచి మన్యం పోరును చూస్తే

అల్లూరి సీతారామరాజు అనగానే మన కళ్ళ ముందు విల్లంబులు మెదులుతాయి. సినిమాలు, బుర్రకథలు, కూడళ్ళలోని విగ్రహాలు కలిసి ఆ రూపాన్ని మనలో స్థిరపరచాయి. కానీ 1922 ఆగస్టు నుంచి 1924 మే వరకు సాగిన ఆ పోరాటం ప్రధానంగా తుపాకుల కోసం, అంతకంటే ముఖ్యంగా తూటాల కోసం జరిగిన పోరాటం. మిత్రులు అనుమతిస్తే ఆ లెక్కను ఒకసారి తీసి చూద్దాం.

ముందుగా తుపాకి సంగతి. పాతకాలపు నాటు తుపాకి గొట్టం మూతి నుంచి మందు దట్టించేది. సురేకారం, గంధకం, బొగ్గు కలిసినదే ఆ మందు. సీసాన్ని నిప్పుల మీద కరిగించి అచ్చులో పోస్తే గుండు తయారయ్యేది. ఊరి కమ్మరి కొలిమి, అడవి బొగ్గు, సంతలో దొరికే సరుకు ఉంటే వేటగాడు తన మందుగుండు తానే సమకూర్చుకోగలిగేవాడు. 1879 నాటి రంప పితూరీలో మన్యంవారు పట్టినవి చాలావరకు ఒత్తి తుపాకులే. 1878లో వచ్చిన ఆయుధాల చట్టం లైసెన్సు లేనివాడు తుపాకి ఉంచుకోవడాన్ని నేరం చేసింది గాని, సీసం కరిగించే విద్యను మాత్రం మరపించలేకపోయింది.

ఆ పని చేసింది చట్టం కాదు, తూటా. గొట్టం వెనుక నుంచి నింపే తుపాకులు వచ్చాక మందు, గుండు, రంజకం మూడూ ఒకే ఇత్తడి గొట్టంలో ఇమిడిపోయాయి. కొత్త రైఫిళ్ళలో నల్లమందు స్థానాన్ని పొగరాని మందు ఆక్రమించింది. దాని వేగానికి వట్టి సీసపు గుండు గొట్టంలోని మెలికలకు అంటుకుపోతుంది కనుక, సీసం మీద గట్టి లోహపు తొడుగు వేయవలసి వచ్చింది. తూటా అడుగున ఉండే చిన్న టోపీ రసాయన కర్మాగారం పని. సీసం ఎక్కడైనా కరుగుతుంది. ఆ టోపీ మాత్రం కొలిమిలో పుట్టదు. తూటా కావాలంటే పూనా దగ్గరి కిర్కీ, కలకత్తా దగ్గరి డమ్‌డమ్ వంటి సర్కారు కర్మాగారాల వైపు చూడవలసిందే. అంటే తుపాకి తిరుగుబాటుదారు చేతికి వచ్చినా, దాని ఊపిరి మాత్రం ప్రభుత్వం గుప్పిట్లోనే ఉండిపోయింది.

ఈ దృష్టితో చూస్తే తొలి దాడుల అర్థం తెలుస్తుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. చింతపల్లిలో 11 తుపాకులు, 1,390 తూటాలు. కృష్ణదేవిపేటలో 7 తుపాకులు. రాజవొమ్మంగిలో 8 తుపాకులు, 825 తూటాలు దొరికాయి. ఏమేమి తీసుకువెళుతున్నదీ స్టేషను పుస్తకంలో వ్రాసి సంతకం చేసి మరీ వెళ్ళారు రాజు. చింతపల్లి, రాజవొమ్మంగిల లెక్క కలిపితే 19 తుపాకులకు 2,215 తూటాలు. తుపాకి ఒక్కింటికి సుమారు 116. పేల్చిన ప్రతి తూటాతో ఆ నిధి తరుగుతుందే గాని పెరిగే దారి లేదు.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు హతులైన తరువాత ప్రభుత్వం పాఠం నేర్చుకుంది. అక్టోబరు 15న రాజు ముందుగా కబురు పంపి మరీ అడ్డతీగలకు వెళ్ళారు. ఆ తెగువను మనం ఈనాటికీ మురిసిపోతూ చెప్పుకుంటాం. కానీ స్టేషనులో ఆయుధాలు లేవు, ముందే దాచివేశారు. 19న రంపచోడవరంలోనూ అంతే. ప్రజల్లో వీరుడి ప్రతిష్ఠ ఇబ్బడిముబ్బడిగా పెరిగింది, సంచిలో తూటాలు మాత్రం పెరగలేదు.

డిసెంబరు 6న పెదగడ్డపాలెం వరిచేలలో ప్రభుత్వ బలగాలు లూయీ తుపాకిని ప్రయోగించాయి. అది నిమిషానికి 500కు పైగా గుళ్ళు కురిపించగల మరతుపాకి. చింతపల్లి, రాజవొమ్మంగిలలో దొరికిన తూటాలన్నీ దానికి అయిదు నిమిషాల గ్రాసానికి చాలవు! రాజు దళం ఆ రోజు మనుషులనూ, ఆయుధాలనూ పోగొట్టుకుంది.

ఇక అన్నవరం. 1923 ఏప్రిల్ 17న కొద్దిమంది అనుచరులతో రాజు ఇక్కడికి వచ్చారు. మన్యం దిగి, రైలు నడిచే మైదానపు అంచుకు రావడమంటే సామాన్యమైన సాహసం కాదు. పోలీసులు ఎదిరించలేదు, కానీ స్టేషనులో ఆయుధాలు దొరకలేదు. రత్నగిరి ఎక్కి సత్యదేవుని దర్శించుకున్నారు. జనం ఆదరంగా చూశారు. అక్కడ జరిగిన సంభాషణ పత్రికకెక్కింది. తనకు మనుషుల కొరత లేదనీ, ఉన్నదల్లా తుపాకులు, మందుగుండు కొరతేననీ ఆయన చెప్పిన మాటల సారాంశం.

ఆ పోరాటానికి అంతకంటే క్లుప్తమైన చరిత్ర మరొకటి లేదని నాకనిపిస్తుంది. చేతులు జోడించే జనం, తలుపులు తెరిచిన ఠాణా, ఖాళీగా ఉన్న ఆయుధాల గది: అన్నవరంలో ఈ మూడూ ఒకేరోజు ఎదురయ్యాయి. ఆ తరువాత ఏడాదికి పైగా, 1924 మే 7న కొయ్యూరు వద్ద కాల్చివేయబడే వరకు, ఆయన పోరు మానలేదు. అస్సాం రైఫిల్స్ వచ్చినా, ఆకలి వెంటాడినా ఆ దళం నిలబడిందంటే దానికి ఆధారం తూటాలు కావు. దారి చూపిన, గింజలు పెట్టిన మన్యం గ్రామాలే. ఆ గ్రామాలు ఇవ్వలేకపోయినది ఒక్కటే, కర్మాగారంలో తప్ప పుట్టని ఆ చిన్న ఇత్తడి టోపీ.

వీరుల ధైర్యం గురించి మనం చాలా వ్రాసుకున్నాం. ఆ ధైర్యం ఎంత తక్కువ సామగ్రితో నిలిచిందో లెక్కకట్టి చెప్పుకోవడం వారిని తక్కువ చేయడం కాదు. విల్లంబుల బొమ్మ పక్కన ఈ అంకెలను కూడా ఉంచితేనే వారి ఎత్తు మనకు సరిగా తెలుస్తుంది. అన్నవరం, శంఖవరం ప్రాంతాల మిత్రులు తమ ఇళ్ళలో పెద్దలు చెప్పుకున్న ముచ్చట్లేవైనా ఉంటే వ్రాయగలరు.