అక్క తుపాకీ, చెల్లెలు తుపాకీ

తుపాకీ అనగానే మనకి సినిమాల్లో దొంగలూ, పోలీసులూ గుర్తొస్తారు గానీ వంటింటి బల్ల గుర్తు రాదు. నాకు మాత్రం ఇప్పుడు వంటింటి బల్లే గుర్తొస్తుంది. కిందటేడు కనెక్టికట్‌లో మా అమ్మాయి ఇంట్లో వుండగా, పక్కింటి పెద్దావిడ ఓ సాయంత్రం టీకి పిలిచింది. వెళ్ళి చూద్దును కదా, కప్పుల పక్కన పాత దుప్పటి పరిచి, దాని మీద రెండు తుపాకులు పడుకోబెట్టి వుంచింది!

పోయిన భర్తవిట. ఆవిడ చిన్న ఇంటికి మారిపోతోంది. ఒకటి మనవరాలి కోసం అట్టేపెట్టి, రెండోది అమ్మేయాలి. "మీరు చరిత్ర పాఠాలు చెప్పినవారు కదా, ఏది వుంచుకోమంటారు?" అంది.

చెప్పొద్దూ, నేను జన్మలో పట్టిన ఆయుధమల్లా అప్పడాల కర్ర. అయినా చరిత్ర అన్నాక నా మనసు వూరుకోదు. రెండు రోజులు లైబ్రరీలో కూర్చున్నాను.

రెండూ అక్కాచెల్లెళ్ళే. ఆ రాష్ట్రంలోనే వున్న న్యూహేవెన్‌లో, విన్‌చెస్టర్ కంపెనీలో పుట్టాయి. అక్క మోడల్ 1890, చెల్లెలు మోడల్ 1906. రెండూ పంపు తుపాకులు. గొట్టం కింద ఓ చెక్కపిడి వుంటుంది. దాన్ని సైకిల్ పంపులా వెనక్కి లాగితే కాలిన తూటా డొప్ప బయటికి ఎగిరిపోతుంది, ముందుకి తోస్తే కొత్తది లోపలికి పోతుంది. తూటా కూడా బుల్లిదే. అంగుళంలో నూటికి 22 వంతుల లావు. పేలే మందు దాని అడుగు అంచు మడతలో దాగి వుంటుంది, మన కజ్జికాయకి అంచు మడిచినట్టు. ఆ అంచు మీద దెబ్బ పడితే పేలుతుంది గనక రిమ్‌ఫైర్ అన్నారు. స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు 1857లో ఈ రకం తూటాని తెచ్చారు. చవక, చప్పుడు తక్కువ, భుజానికి తగిలే దెబ్బ అంతకన్నా తక్కువ.

అక్కని కనిపెట్టింది యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ వూరివాడు జాన్ బ్రౌనింగ్, అతని తమ్ముడు మాథ్యూ. 1888లో పేటెంటు వచ్చింది. బ్రౌనింగ్ కాగితం మీద గీసి పంపితే, ఇది పనిచెయ్యదని కంపెనీవాళ్ళు తిప్పి కొట్టారట. అతను వాదించలేదు. నిజం తుపాకీనే తయారుచేసి పంపాడట. కోడలి వంటకి వంకపెట్టే ఇంట్లో, మారు మాట్లాడకుండా గిన్నె తెచ్చి ముందు పెట్టినట్టు! ఆ తర్వాత కంపెనీ నోరు మెదపలేదు.

ఎనిమిది పలకల గొట్టం, 24 అంగుళాల పొడుగు, చూడ్డానికి ఎంతో దర్జాగా వుంటుంది అక్క. అయితే ఆవిడది మడీ ఆచారం. తూటాల్లో షార్ట్, లాంగ్ అని రకాలున్నాయి. ఒక్కో తుపాకీ ఒక్క రకమే ముడుతుంది. ఏ రకమన్నది గొట్టం మీదే చెక్కి వుంటుంది. షార్ట్ తూటా తుపాకులు ఎక్కువగా తిరునాళ్ళలో గురిపందేల కొట్లకి వెళ్ళాయి. మన తీర్థాల్లో బెలూన్లు కొడతాం చూడండి, అలా అక్కడ ఇనప బాతుల్ని కొట్టేవారు.

1906లో వచ్చిన చెల్లెలు ఆడంబరం లేనిది. గుండ్రటి గొట్టం, 20 అంగుళాలు, ధర తక్కువ. 1908 నుంచి షార్టు, లాంగు, లాంగ్ రైఫిల్ మూడూ తింటుంది. ఏది పెడితే అది తిని పనిచేసుకుపోయే పిల్లన్నమాట. రెండూ తలో 8 లక్షల 50 వేల దాకా అమ్ముడయ్యాయి. 1932లో ఆ రెంటి చోటులోకీ మోడల్ 62 వచ్చింది.

ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన మనిషి ఓ ఆడది. ఎలిజబెత్ సర్వాటీ అని, విన్‌చెస్టర్ ఫ్యాక్టరీలో తూటాలు నింపే పిల్ల. 1903లో ఆ కంపెనీ తరఫున గురి ప్రదర్శనలిచ్చే ఆడ్ టోపర్‌వీన్‌ని పెళ్ళాడింది. అప్పటిదాకా తుపాకీ పేల్చి ఎరగదు. భర్త దగ్గర నేర్చుకుని, మరుసటేడే సెయింట్ లూయీ ప్రపంచ ప్రదర్శనలో జనాన్ని ముక్కున వేలేయించింది. డబ్బా తగిలిన చప్పుడుని 'ప్లింక్' అనేది గనక ఆవిడకి ప్లింకీ అనే పేరు పడిపోయింది. సరదాగా డబ్బాలు కొట్టడాన్ని అమెరికాలో నేటికీ ప్లింకింగ్ అంటారు. ఆ మాటని ప్రచారంలోకి తెచ్చింది ఆవిడేనంటారు.

ఇంత చదివి పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముందుగా రెండు తుపాకులూ తెరిచి, లోపల తూటా లేదని కళ్ళతోనూ వేలితోనూ చూసి, అప్పుడు నా చేతికిచ్చింది. అక్క నల్లగా నిగనిగలాడుతోంది. వేలంలో కొని బీరువాలో దాచాడట ఆయన. చెల్లెలికి నలుపంతా పోయి, చేతులు పట్టిన చోటల్లా ఇనుము తెల్లబడింది. అది అత్తగారిదిట. మొక్కజొన్న కొట్టులో ఎలకల్ని కొట్టేదట.

"మెరుగు పెట్టిస్తేనో?" అన్నాను. నవ్వింది. మెరుగు పెడితే పాత తుపాకీ విలువ పడిపోతుందట. గొట్టం లోపల చూడమంది. కాగితం వెలుగులో చూస్తే అద్దంలా వుంది! ఆ కాలపు తూటా మందు గొట్టంలో ఉప్పులాంటి మసి వదిలేది. కడక్కపోతే ఉప్పు డబ్బా మూతకి పట్టినట్టు తుప్పు పట్టేది. 1920ల చివర గానీ తుప్పు పట్టించని తూటాలు రాలేదు. అంటే ఆ అత్తగారు తుపాకీ పేల్చిన ప్రతి రోజూ, ఇంటిపనంతా అయ్యాక, కూర్చుని గొట్టం కడిగిందన్నమాట.

కొట్టువాడు అక్కకి చెల్లెలి కన్నా మూడు రెట్లిస్తానన్నాడట. మధ్యతరగతి బుద్ధి ఎక్కడికి పోతుంది? "ధర పలికేదే మనవరాలికి వుంచండి, బంగారంలా పనికొస్తుంది" అనేశాను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అంది: "ధర పలికేది ఇస్తే మళ్ళీ బీరువాలో పెడుతుంది. ఇది ఇస్తే మా అత్తగారిలా కడగడం నేర్చుకుంటుంది. ఇల్లు మారే ఖర్చుకి డబ్బూ కావాలి నాకు."

అక్క అమ్ముడుపోయింది. తీసుకెళ్తుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఆయన ముచ్చటపడి కొన్నది మరి.

ఈ తుపాకుల్ని కన్న న్యూహేవెన్ ఫ్యాక్టరీ 2006లో మూతపడింది. ఆ కట్టడంలో కొంతభాగం అపార్టుమెంట్లయింది. అత్తగారి తుపాకీ మాత్రం పని మానలేదు. నేను బయల్దేరే ముందు, గురి నేర్పే క్లబ్బులో మనవరాలు కొడుతుంటే చూడ్డానికి తీసుకెళ్ళింది పెద్దావిడ. మొదటి పదీ గాలికి పోయాయి. పదకొండోది డబ్బాకి తగిలింది. నిజంగానే ప్లింక్ అంది!

ఇంటికొచ్చాక బీరువా తెరిచి, ఎప్పుడూ వాడని మా అమ్మ వెండి గ్లాసు బయటికి తీశాను. కాఫీ అందులోనే తాగుతున్నాను. సొట్ట పడుతుందని మా వారు గోల. పడనీండి అన్నాను.